తల ఊపని వాదం

మొన్న ఆదివారం మా నోయిడా ఫ్లాట్‌లో భోజనాలయ్యాక, మనవడు సోఫాలో కాళ్లు పైకి పెట్టుకుని ఫోనులో ఎవరితోనో తగాదా పడుతుంటే ఏమిట్రా అని అడిగాను. వాడు అభిమానించే ఏదో విదేశీ ఫుట్‌బాల్ క్లబ్బుకు హెడ్ కోచ్‌గా ఒకాయన పేరు వినబడుతోందట, ఆయన వద్దే వద్దని వీడూ వీడి స్నేహితులూ పట్టుబట్టారట. ఎందుకు వద్దు అంటే, కళ్లు తెర మీంచి తీయకుండానే, "అరే అమ్మమ్మా, బందా పనౌతీ హై," అన్నాడు. ఆ ఒక్క మాటతో నా మధ్యాహ్నపు నిద్ర కాస్తా పోయింది.

పనౌతీ అంటే ఢిల్లీలో బతికినవాళ్లకు చెప్పనక్కర్లేదు. మన వైపు వాళ్ల కోసం చెబుతున్నాను, కాలు పెట్టిన చోటల్లా కీడు తెచ్చే మనిషని అర్థం. నవ్వుతూ అనే మాట అది. ఆ నవ్వంటేనే నాకు ఒళ్లు మంట.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో మేము ఆర్కే పురం సర్కారు క్వార్టర్లలో ఉండేవాళ్లం. నేనూ మావారూ ఇద్దరం కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులమే. క్వార్టర్ల వెనక మైదానంలో కాలనీ కుర్రాళ్ల ఫుట్‌బాల్ జట్టు ఒకటి ఆడుతుండేది. చలికాలపు ఎండలో ప్రహరీ గోడ మీద వరసగా కూర్చుని, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, ఆడేవాళ్ల కంటే గట్టిగా అరిచే అభిమానులం మేము. మావారి బాబాయి, అంటే మా చిన్నమామగారు, ఆ క్లబ్బుకు పెద్ద. నెట్లు కుట్టించడం నుంచి రిఫరీతో పోట్లాడటం దాకా అన్నీ ఆయనే. ఏళ్ల తరబడి కోచ్‌గా ఉన్న గఢ్వాలీ అంకుల్ ఉద్యోగం నుంచి రిటైరై కొండల్లోని తన ఊరికి వెళ్లిపోతూ, తన తరవాత మా మరదల్ని పెట్టుకోమన్నాడు. గొడవ అక్కడ మొదలైంది.

మరదలంటే మా తమ్ముడి భార్య. పెళ్లికి ముందు రాష్ట్రం తరఫున ఫుట్‌బాల్ డిఫెన్స్‌లో ఆడిన మనిషి. స్కూటర్ ప్రమాదంలో తమ్ముడు పోయాక నా దగ్గరికి వచ్చేసి, దగ్గర్లోని బళ్లో ఆడపిల్లలకు ఆటల టీచరుగా చేరింది. చాలాకాలం ఇంట్లో అవసరానికి మించి ఒక్క మాట కూడా మాట్లాడేది కాదు. గఢ్వాలీ అంకుల్ ఓ సాయంత్రం పిలిచి తన పక్కన నిలబెట్టుకున్నాక, ఆ మైదానం ఆమెకు గొంతు తిరిగి ఇచ్చింది. కోచ్ పదవికి తన పేరు వచ్చిందని తెలిసిన దగ్గర్నుంచి వంటింటి గట్టు మీద కందిపప్పు బద్దలు మా జట్టుగా, మినుములు ఎదుటి జట్టుగా పేర్చి, జరిపి, మళ్లీ పేర్చేది. ఆ పదవి ఆమెకు ఎందుకు కావాలో ఒకే కప్పు కింద ఉన్న నాకు వేరే ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

చిన్నమామగారు మాత్రం గుర్‌గావ్‌లో ఏదో కంపెనీ జట్టుకు శిక్షణ ఇస్తున్న ఒకాయన్ని తేవాలన్నారు. గోడ మీద మేము రెండుగా చీలిపోయాం. పాలబూత్ దగ్గరా, బస్సు క్యూలోనూ అదే చర్చ. ఆట గురించి ఎంత కొట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు, చర్చంటే నాకు పండగ. కానీ మెల్లగా ఒక మాట పాకింది. మా మరదలు చూడటానికి వచ్చిన ఆటలన్నీ ఓడామట, ఆమె పనౌతీ అట. చిన్నమామగారిని నిలదీస్తే, "అదేం లేదమ్మాయ్, మజాక్‌కి అన్నాం," అని నవ్వేశారు. మా అమ్మ తరం వాళ్లు ముఖం మీదే అనే మాటను, చదువుకుని ఢిల్లీ వచ్చిన మనం ముఖం మీద అనలేక, హిందీ నవ్వు కప్పి వాడుకుంటున్నామని నాకు అప్పుడే అర్థమైంది.

మా నాన్న తెనాలిలో సంఘసంస్కరణ సభల్లో వాదించిన మనిషి. ఆయన నాకు ఒకే ఒక నియమం నేర్పారు. ఎదుటివాడి వాదాన్ని ముందు నువ్వు చెప్పు. అవును, నేనన్నది అదే అని వాడు తల ఊపాలి. ఆ తరవాతే ఖండించు. సొంతదారు తల ఊపని వాదం లెక్కలోకి రాదు. కోచ్ సంగతి ఈ పద్ధతిలో తేల్చుకుందామని నేనంటే, కొత్త ఆటేదో దొరికినట్టు అందరూ సరేనన్నారు. గఢ్వాలీ అంకుల్ అధ్యక్షుడు.

ఆదివారం మైదానంలో, హాఫ్‌టైమ్‌లో జట్లలా ఇటు కొందరు అటు కొందరు కూర్చున్నాం. చిన్నమామగారు లేచి, ఈ అమ్మాయి గోల్ పడకుండా ఆపడం ముందు నేర్పుతుంది, మనం ఓడేదల్లా ఆట చివర్లో కాళ్లు బరువెక్కినప్పుడే కాబట్టి మనకు కావలసింది అదే అని ఎంత చక్కగా చెప్పారంటే మా మరదలు నవ్వుతూ తల ఊపింది. ఆమె లేచి, గుర్‌గావ్ ఆయన వస్తే పెద్ద జట్లతో ఆటలు దొరుకుతాయనీ, తాను నేర్పింది ఆడపిల్లలకే కనక ఈ కుర్రాళ్లు మాట వింటారో లేదో ఎవరికీ తెలియదనీ చెప్పింది. ఆయన సంతోషంగా తల ఊపారు. అంతలో గోడ మీంచి ఎవరో, "ఔర్ వో పనౌతీ వాలా పాయింట్, అంకుల్?" అని అరిచారు. అందరూ నవ్వారు. చిన్నమామగారూ నవ్వారు.

నేను లేవబోయాను. "నువ్వుండు వదినా," అని మా మరదలు చెయ్యి అడ్డం పెట్టింది.

"బాబాయ్ గారూ, అదీ మీ పక్షానిదే కదా, దాన్నీ నేనే చెబుతాను. నేను గీత దగ్గర నిలబడితే జట్టు ఓడుతుంది. ఎందుకంటే నేను కట్టుకున్నవాడు పోయాడు. మొగుణ్ణి మింగిన మనిషి జట్టును మిగలనిస్తుందా? ఇదేనా అండీ మీ వాదం? ఏమన్నా వదిలేశానా?"

వేరుశనక్కాయలు ఒలిచే చప్పుడు ఆగిపోయింది. తమ్ముడు ఢిల్లీ వచ్చినప్పుడల్లా చిన్నమామగారి ఇంట్లోనే భోంచేసేవాడు.

"బోలియే సాబ్, హా యా నా?" అని, అవునో కాదో తేల్చమన్నాడు గఢ్వాలీ అంకుల్.

"నాది కాదమ్మా ఆ మాట," అన్నారు చిన్నమామగారు.

"అయితే తీసేయండి. అగ్‌లా పాయింట్ చూద్దాం," అని మా మరదలు కూర్చుంది.

చేతులెత్తితే కొద్ది తేడాతో ఆమె గెలిచింది. చిన్నమామగారు గుర్‌గావ్ ఆయనకే చెయ్యెత్తారు. అందుకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది; తల ఊపిన వాదానికి ఆయన కట్టుబడ్డారు.

ఆమె కోచ్‌గా తొలి ఆట ఓడిపోయాం. గోడ మీద ఒక కుర్రాడు గొంతు సవరించుకుని ఆ మాట మొదలుపెట్టబోయాడు. చిన్నమామగారు గిర్రున తిరిగి, "చుప్! కుడి పక్కంతా ఖాళీ వదిలేశాం, కనబడలేదా నీకు?" అని గద్దించి, మైదానంలోకి దిగి, కుడి పక్క సంగతి మా మరదలితో చేతులూపుతూ వాదించడం మొదలుపెట్టారు. ఆమె కూడా తగ్గలేదు. నా జీవితంలో ఎన్నో వేదికలెక్కాను, ఎందరినో ఒప్పించాను, కానీ ఓటమికి ఆటలోనే కారణం వెతికిన ఆ పూట చూసి గర్వపడినంతగా మరెప్పుడూ గర్వపడలేదు. తరవాత చాలా ఏళ్లు ఆమె ఆ గీత దగ్గర నిలబడింది. గెలిచాం, ఓడాం. ఆ మాట మాత్రం ఆ గోడ మీద మళ్లీ వినబడలేదు.

ఇదంతా మనవడికి చెప్పాను. వాడు మధ్యలో ఫోను బోర్లించి విన్నాడు, అదే గొప్ప. సరే, నువ్వు వద్దంటున్న ఆ కోచ్ పక్షం ఏమిటో చెప్పు చూద్దాం అన్నాను. సగం హిందీలో, సగం ఇంగ్లీషులో, ఆయన్ని కావాలనేవాళ్లు ఏమంటారో ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. బాగా చెప్పాడు, మా నాన్న ఉంటే మెచ్చుకునేవారు. చెప్పడం అయ్యాక అలవాటుగా ఫోను తిప్పి చూశాడు. వేలమంది మాటలు కిందికి జారిపోతున్నాయి. తల ఊపడానికి అక్కడ ఒక్క ముఖమూ లేదు.