బెరిల్ అమ్మమ్మ రహస్య ఓటు

మా అమ్మమ్మ బెరిల్ క్యాచ్‌పోల్ జన్మలో అమెరికా చూడలేదు. సముద్రం దాటి ఆమె వెళ్ళిన అతి దూరం ఫ్రాన్సు. అక్కడ టీ బాగాలేదని రెండోరోజే తిరిగొచ్చేసింది. అయినా అమెరికా ఎలా నడవాలో మా అమ్మమ్మకు తెలిసినంతగా అమెరికాకే తెలియదు. ఈ మాట ఎవరో అన్నది కాదు, ఆమే చెప్పేది.

ఇంగ్లండులో, సఫోక్ జిల్లాలో, మా ఊరి పక్కనే అమెరికా వాళ్ళ ఎయిర్‌బేస్ ఉంది. దాని గేటుకు ఎదురుగా, రోడ్డు పక్కన లారీలు ఆగే జాగాలో, ముప్ఫై ఏళ్ళుగా అమ్మమ్మ టిఫిన్ బండి. బేకన్ బన్ను, గుడ్డు బన్ను, రెండూ కలిపిన బన్ను, కప్పు టీ. వాటితోపాటు అడక్కుండానే అమెరికా రాజకీయాల మీద ఒక అభిప్రాయం. దానికి వేరే డబ్బులు పుచ్చుకునేది కాదు. నేను పదహారో ఏట బడికి దండం పెట్టి ఆ బండెక్కాను. పదేళ్ళయింది. సెనేట్ అంటే ఏమిటో ఉల్లిపాయలు వేయిస్తూ నేర్చుకున్నాను. అందుకే ఇప్పటికీ ఆ మాట వింటే కళ్ళు మండుతాయి.

ఈ ముసలమ్మకు అమెరికా పిచ్చేమిటని ఊళ్ళో చాలామంది నన్నడిగారు. నేనూ ఒకసారి ఆమెనే అడిగాను.

"లండన్లో ప్రధానమంత్రి మారితే నా పెనం మీద ఉల్లిపాయ కూడా కదలదే, పిల్లా. వాషింగ్టన్లో మారాడనుకో, సగం క్యూ మాయమైపోద్ది. ఎక్కడో యుద్ధమంటారు, ఇక్కడ నా బన్నులు మిగిలిపోతాయి. వాళ్ళు బడ్జెట్ కాడ కొట్టుకుని ఆఫీసులకి తాళాలేసుకుంటే, గేటు లోపల పనిచేసే వాళ్ళు టీ కూడా అప్పు పెట్టమంటారు. మరి నేను పట్టించుకోకపోతే ఎవరు పట్టించుకుంటారు? నువ్వా?"

కారణం అదే అయితే ఆ సంగతులు తెలుసుకుని ఊరుకోవచ్చు. సలహాలెందుకు? ఆ ప్రశ్న వేస్తే మాత్రం టీ మరుగుతోందంటూ అటు తిరిగిపోయేది.

ఓడిపోయిన అధ్యక్షుడు రెండున్నర నెలలు వైట్‌హౌస్‌లోనే ఉంటాడన్నది ఆమెకు మింగుడుపడని సంగతి. "మాకైతే పొద్దున ఓడాడంటే మధ్యాహ్నానికి సామాన్ల లారీ గుమ్మంలో ఉంటది. మీరేమో క్రిస్మస్ పండగ కూడా చేసుకుని వెళ్ళమంటారు. ఖాళీ చెయ్యమన్న అద్దెకున్నోణ్ణి అన్నాళ్ళు ఉంచితే గోడలకి మేకులన్నా మిగులుస్తాడా, నాయనా?" అని క్యూలో మొదట నిలబడ్డ ఏ కుర్రాణ్ణయినా నిలదీసేది. యూనిఫాంలో ఆరడుగులున్న ఆ కుర్రాడు, "నిజమే మేడమ్. కొంచెం సాస్ వెయ్యండి మేడమ్," అనేవాడు. వాళ్ళు ఎప్పుడూ ఒక్క మాట ఎదురు చెప్పలేదు. అమ్మమ్మ దాన్ని అంగీకారం అనుకునేది.

ఇక ఆమె గొప్ప ఆవిష్కరణ గురించి చెప్పాలి. అమెరికాలో ఎర్ర రంగు ఒక పార్టీది, నీలం రంగు ఇంకో పార్టీదని టీవీలో స్థిరపడ్డాక, ఎన్నికలున్న ఏడాది అక్టోబరు రాగానే అమ్మమ్మ బండి అరుగు మీద రెండు దొంతర్ల పేపర్ టిష్యూలు పెట్టడం మొదలెట్టింది. ఒకటి ఎరుపు, ఒకటి నీలం. ఏది ఎవరిదో రాసి పెట్టలేదు. "అమెరికా వాళ్ళకి వాళ్ళ రంగులు నేను చెప్పాలా?" అంది. బన్ను చేతికిచ్చాక పెనం వైపు తిరిగిపోయేది. నన్నూ తిప్పేది. ఓటు రహస్యంగా ఉండాలి కదా. నేను ఓరకంట చూడబోతే అట్లకాడతో మోచేతి మీద ఒక్కటి పడేది. సాయంత్రం ఏ దొంతరలో ఎన్ని తరిగాయో చూసి, అమెరికా ఎటు పోతోందో తేల్చేసేది.

ఈ లెక్క మా జిల్లా రేడియో వాళ్ళ చెవిన పడింది. అప్పట్నుంచీ అమెరికా పోలింగ్ నాటి పొద్దున అమ్మమ్మకు ఫోన్ చేసి, "మన గేటు దగ్గర గాలి ఎటుంది బెరిల్ గారూ?" అని అడిగేవారు. లెక్క కొన్నిసార్లు కుదిరింది, కొన్నిసార్లు బెడిసింది. కుదిరితే టిష్యూల గొప్ప. బెడిస్తే అమెరికా తప్పు.

దాంతోపాటు ఆమె ఒక సిద్ధాంతం కూడా కట్టింది. మా దగ్గర తిన్న అమెరికా కుర్రాళ్ళకు ఎప్పుడూ గడ్డం మీద సాస్ ఉండేది. "చూడు. టిష్యూ తీసుకుంటారు, వాడరు. ఓటు కూడా అంతే. చేతిలో ఉంటది, వాడరు. ఆ దేశం రోగమంతా అక్కడే ఉంది," అని రేడియోలోనే అనేసింది. ఆ ముక్క మా ఊళ్ళో వారం రోజులు తిరిగింది.

కిందటి ఎన్నికల ముందు, ఒక సోమవారం, సార్జెంట్ బూద్రో బండి దగ్గరికి వచ్చి బన్ను అడక్కుండా నిలబడ్డాడు. లూసియానా మనిషి. నాలుగేళ్ళుగా రోజూ వచ్చేవాడు. ఆమెను మిస్ బెరిల్ అని పిలిచేవాడు.

"మిస్ బెరిల్, లోపల ఎవరో ఫిర్యాదు చేశారండి. యూనిఫాంలో ఉండి మేం ఏ పార్టీకీ వంత పాడకూడదు. ఈ టిష్యూల పద్ధతి ఆ కిందకే వస్తుందేమోనని అనుమానం. గురువారం ఒక కెప్టెన్ గారు చూడ్డానికొస్తారు. ఆవిడ తప్పని రాశారంటే, ఈ బండి దగ్గరికి మా వాళ్ళెవరూ రాకూడదని ఆర్డరేస్తారు."

"ఎన్నాళ్ళు?"

"ఆర్డరంటే ఆర్డరేనండి. అవి తీసెయ్యండి. మీకు దండం పెడతా."

అతను వెళ్ళాక నేనూ అదే చెప్పాను. చక్కెర ఫ్యాక్టరీకి బీట్ దుంపలు మోసే లారీలు తిరిగేది చలికాలం వరకే. అవి ఆగితే గేటు వాళ్ళు తప్ప మాకు గతి లేదు. వాళ్ళు రాకపోతే వసంతానికి బండి అమ్ముకోవాల్సిందే.

"తీసెయ్ అమ్మమ్మా. అవేం నీ నగలా?"

"గేటు లోపల వాళ్ళది. ఈ రోడ్డు ఇంగ్లండుది. ఇంగ్లండు రోడ్డు మీద నేను ఏ రంగు కాయితం పెట్టుకుంటే వాళ్ళకేంటే?" అంది. అంది గానీ ఆ సాయంత్రం టీ నీళ్ళు మరిగి మరిగి సగమైనా చూసుకోలేదు.

గురువారం కెప్టెన్ లిండ్‌క్విస్ట్ వచ్చింది. పొట్టిగా, నున్నగా దువ్విన జుట్టుతో, చాలా మర్యాదగా ఉంది. కాసేపు బండిలో నిలబడి చూస్తానంది. అమ్మమ్మ ఆమెకు ఏప్రాన్ ఇచ్చి, "ఇక్కడ పద్ధతి ఒకటుంది, అమ్మాయ్. వాళ్ళు టిష్యూ తీసుకునేటప్పుడు మనం అటు తిరగాలి," అంది.

"క్షమించండి మేడమ్. నేను చూడ్డానికే వచ్చాను."

"రహస్య ఓటమ్మా ఇది!"

"మేడమ్, మీరు తిరగండి. నేను తిరగను."

అమ్మమ్మకు ఇది పెద్ద చిక్కు. పరాయి మనిషి చూస్తుంటే తను చూడకుండా ఎలా ఉంటుంది? కాసేపు పెనం వైపు తిరిగింది, తర్వాత పక్కకు తిరిగింది, చివరికి మాతోపాటు ఎదురుగానే నిలబడిపోయింది. ఇరవై ఏళ్ళలో ఆ అరుగు మీద ఏం జరుగుతోందో మేం చూడ్డం అదే మొదటిసారి.

ముందు ముగ్గురు అమెరికా కుర్రాళ్ళొచ్చారు. బన్నులు పుచ్చుకున్నారు. మొదటివాడు టిష్యూల దొంతర్లను పామును చూసినట్టు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రెండోవాడు మూతి చొక్కా చేతికి తుడుచుకున్నాడు. మూడోవాడు అసలు తుడుచుకోలేదు. తర్వాత ఇద్దరొచ్చారు, వాళ్ళూ అంతే. ఆ తర్వాత సార్జెంట్ బూద్రో వచ్చి, కెప్టెన్ని చూసి బిగుసుకుపోయి, జేబులోంచి సొంత రుమాలు తీశాడు.

"ఏంటయ్యా, టిష్యూ తీసుకోవా?" అంది అమ్మమ్మ.

"ఇక్కడికి బదిలీ మీద వచ్చిన మొదటి రోజే పాతవాళ్ళు చెప్పేస్తారండి. మిస్ బెరిల్ బన్ను తినొచ్చు, టిష్యూ ముట్టుకోకూడదని."

"ఎప్పట్నుంచి?"

"నాకు చెప్పినాయనకి ఎవరో చెప్పారంట. ఆయనకి ఇంకెవరో."

అమ్మమ్మ అట్లకాడ కింద పెట్టింది. "మరి అవన్నీ ఎవరు తీసుకుపోతున్నారు?"

జవాబు అప్పుడే ట్రాక్టరు దిగింది. పందుల పెంపకం చేసే డెస్మండ్ గ్యారడ్, మా ఊరివాడే. బన్ను పుచ్చుకుని, ఆలోచించకుండా నీలం టిష్యూలు నాలుగు లాగాడు.

"డెస్మండ్, నువ్వు నీలమే ఎందుకు తీశావ్?"

"అదేం ప్రశ్నే బెరిల్? మా తాత కాలం నించీ మాది కన్సర్వేటివ్ ఇల్లు. ఎర్రదాంతో మూతి తుడుచుకుంటే ఆయన సమాధిలోంచి లేచొస్తాడు."

ఇది నాకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. మాకు నీలం కుడివైపు పార్టీది, ఎరుపు లేబర్ వాళ్ళది. అమెరికాలో సరిగ్గా తిరగబడి, ఎరుపు కుడివైపు వాళ్ళది, నీలం ఎడమవైపు వాళ్ళది. ఇంతలో బీట్ లారీ డ్రైవరు రే కటింగ్ వచ్చి, యూనియన్ బ్యాడ్జి మెరుస్తుండగా ఎర్ర టిష్యూలు గుప్పెడు తీసి, "మా వాళ్ళవి కూడా పెడతావు, అందుకే నువ్వంటే ఇష్టం బెరిల్," అని పోయాడు.

ఇరవై ఏళ్ళుగా అమ్మమ్మ అమెరికా భవిష్యత్తు తేల్చింది సఫోక్ పందుల రైతుల్నీ దుంపల లారీ డ్రైవర్లనీ బట్టి. అదీ తలకిందులుగా.

కెప్టెన్ పెదవులు బిగించుకుని నిలబడింది. నవ్వు ఆపుకుంటోందని ముక్కుపుటాలు చెబుతున్నాయి. ఏప్రాన్ విప్పి, చక్కగా మడతపెట్టి అమ్మమ్మకిచ్చింది.

"మా వాళ్ళెవరూ ఇక్కడ ఓటెయ్యలేదు మేడమ్. నేను రాయాల్సిందేం లేదు. ఇంగ్లండు ప్రజలు దేంతో మూతి తుడుచుకున్నా మాకు అభ్యంతరం లేదు. బన్ను చాలా బాగుంది."

బండి నిలబడింది. నేను గెంతులేశాను. అమ్మమ్మ మాత్రం ఆ రెండు దొంతర్లనీ ఎత్తి అరుగు కింద పెట్టి, మధ్యాహ్నం దాకా ఒక్క అభిప్రాయం కూడా చెప్పలేదు. క్యూలో కుర్రాళ్ళు కంగారుపడ్డారు. ఒకడైతే నన్ను పక్కకు పిలిచి, ఆవిడకి ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడు.

"ఊరుకో అమ్మమ్మా," అన్నాను సాయంత్రం. "సగంసార్లు కుదిరింది కదా లెక్క."

"నాణెం ఎగరేసినా సగంసార్లు కుదురుద్ది. నాణేనికి రేడియో వాళ్ళు ఫోన్ చెయ్యరు." పెనం గీకుతూ, "ముప్ఫై ఏళ్ళయిందే, పిల్లా! ఇంతమంది వచ్చి నిలబడ్డారు నా ఎదురుగా. ఒక్కణ్ణన్నా, నీకేమనిపిస్తోందిరా అని అడిగానా?" అంది.

అడగలేదు. నాకు జ్ఞాపకమున్నంతవరకు ఆమె ప్రశ్నలన్నిటికీ జవాబు ఆమే చెప్పుకునేది.

పోలింగ్ రోజు, మంగళవారం పొద్దున, రేడియో ఫోన్ వచ్చింది. ఆమె ఏమంటుందోనని నేను ఉల్లిపాయలు వదిలేసి ఫోన్ దగ్గర చేరాను. "సఫోక్ లెక్కయితే చెప్తాను, బాబూ. పందుల వైపు నీలం గట్టిగా ఉంది, దుంపల వైపు ఎరుపు. అమెరికా సంగతి నాకు తెలీదు," అంది. అవతల రేడియో ఆయన నవ్వి, చమత్కారం అనుకుని, పాట వేశాడు. తెలీదు అన్న మాట మా అమ్మమ్మ నోట వినడం అదే మొదలు. వెళ్ళి ఆమె బుగ్గ గిల్లాను. అట్లకాడ దెబ్బ పడింది. అప్పుడు కొంచెం ధైర్యమొచ్చింది.

ఆరోజే సార్జెంట్ బూద్రోకి బన్ను ఇస్తూ, చెయ్యి వదలకుండా, "నీకేమనిపిస్తోంది నాయనా?" అని అడిగింది.

అతను బన్ను వైపు, ఆమె వైపు చూశాడు. "యూనిఫాంలో ఉన్నానండి, మిస్ బెరిల్."

"అయితే అది విప్పి రా."

వెనక ఉన్న కుర్రాళ్ళు ఈలలేశారు. బూద్రో మెడ దాకా ఎర్రబడ్డాడు. కానీ శనివారం గళ్ళ చొక్కా వేసుకుని నిజంగానే వచ్చాడు. ఎన్నికలయిపోయాయి, ఎవరు గెలిచారో అందరికీ తెలుసు. ఆ కబురు ఎత్తడం కూడా అమ్మమ్మ మర్చిపోయింది. మడతకుర్చీ వేసి, టీ, బన్ను ఇచ్చి, ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడింది.

"చెప్పు. ఎవరికేశావు అని అడగను. ఆ ఓటు కాయితం పోస్టులో నీకొచ్చినప్పుడు ఏమనిపించిందో చెప్పు."

"నిజం చెప్తే మీరు నిరాశపడతారు, మిస్ బెరిల్. పైన అధ్యక్షుడి పేరుంటది. దాని మీద టిక్కు పెట్టడం ఎంతసేపు? నేను అరగంట ఆలోచించింది అట్టడుగున ఉన్నదాని గురించి."

"అట్టడుగున ఏముంది?"

"మా ఊరి మురుగుకాలవల పన్ను. ఇంకా కొనసాగించాలా వద్దా అని. మాది పల్లం కదండీ. పన్ను ఆపేస్తే పూడిక తియ్యరు. పూడిక తియ్యకపోతే మా అమ్మ వంటింట్లోకి నీళ్ళొస్తాయి. పన్నుంటే ఆవిడ పింఛన్లోంచి పోద్ది. దానికే అరగంట."

అమ్మమ్మ కట్టుకున్న చేతులు విప్పింది. ఆమె పుట్టింది ఫెన్ ప్రాంతంలో. సముద్రమట్టానికి దిగువన, కాలవ లేకపోతే ఊరే లేని చోట. వాళ్ళ నాన్న బతుకంతా కాలవ పూడిక తీసినవాడే. అమెరికా గురించి అన్నేళ్ళు మాట్లాడింది గానీ, ఆ దేశంలో ఒక కాలవ ఉంటుందనీ, దాని గురించి ఒకడు అరగంట కూర్చుంటాడనీ ఆమెకెప్పుడూ తట్టలేదు.

బూద్రో గడ్డం మీద సాస్ ఉంది. అరుగు మీద టోకు కొట్టులో కిందటేడు అమ్ముడుపోక మిగిలిన క్రిస్మస్ టిష్యూలున్నాయి, ఆకుపచ్చవి, బంగారు గంటల బొమ్మలతో. అతను ఒకటి తీసుకోబోయి ఆగి, ఆమె వంక చూశాడు. అమ్మమ్మ అలవాటుకొద్దీ పెనం వైపు తిరిగింది. అంతలోనే ఇటు తిరిగి, ఇంకో కుర్చీ దగ్గరకు లాక్కుని, ఎదురుగా కూలబడింది.

"పూడిక ఎన్నాళ్ళకోసారి తీస్తారు నాయనా? మనుషులే దిగుతారా? ఆ కాలవ వెడల్పెంత?"