గుర్రానికి నేను పెట్టిన రెండు మాటలు

నా చిన్నప్పుడు మా ఊరు కోటలో బస్సులు అరుదు, జట్కాలే ఎక్కువ. వాటిలో ఒకటి మా తాతయ్యది. దాన్ని లాగే ఎర్రటి ఆడగుర్రం మా ఇంట్లో మనిషితో సమానం. నాకు తొమ్మిదేళ్ళు నిండిన ఏడాది తాతయ్య వానలో బండి మీంచి జారిపడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పేసరికి ఎముక అతుక్కుంది గానీ వేళ్ళలో పట్టు రాలేదు. నీళ్ళ చెంబు కూడా ఎడమచేత్తోనే ఎత్తేవాడు.

ఒక్క చేత్తో తిన్నటి రోడ్డు మీద జట్కా తోలవచ్చు గానీ సందుల్లో తిప్పడం కష్టం. ఒకసారి బజారు మలుపులో బండి కుండల అంగడి మీదికి పోయి, వెంట్రుకవాసిలో తప్పింది. ఆ సాయంత్రం మా నాన్న, "నాయనా, గుర్రాన్ని అమ్మేద్దాం. నువ్వింక ఇంటిపట్టున ఉండు. ఎవురికన్నా తగిలితే ఏం చేస్తాం?" అన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. తాతయ్య గుర్రం మెడ నిమిరాడు. "ఒక్క నెల ఆగరా. దానికి మాట నేర్పిస్తా" అన్నాడు.

తాతయ్య జట్కా కొనకముందు సేద్యం చేసినవాడు. అందుకని నాగలి ఎద్దులకు చెప్పే మాటలే గుర్రానికీ ఎత్తుకున్నాడు. ఎడమకు 'దాపట', కుడికి 'ఎలపట'. రోజూ పొద్దున్నే ఊరి బయట సరుగుడు తోపు దాటి, ఇసుకనేలలోకి గుర్రాన్ని తీసుకుపోయేవాళ్ళం. ముందు మాట, వెంటనే పగ్గం మెల్లగా లాగడం, తిరగగానే గుప్పెడు ఉడికిన ఉలవలు. ఉలవలు పెట్టడం నా వంతు. పగ్గం లాగితే గుర్రం చక్కగా తిరిగేది. మాట ఒక్కటే చెబితే తోచిన వైపు పోయేది, లేదా చెవులాడిస్తూ నిలబడేది. పదిహేను రోజులు అట్లాగే గడిచాయి. అరిచి అరిచి తాతయ్య గొంతు బొంగురుపోయింది. గుర్రాన్ని మాత్రం ఒక్క దెబ్బ కొట్టలేదు.

ఒకరోజు ఉలవలు అయిపోతే ఇంటికి పరిగెత్తి మళ్ళీ తెస్తున్నాను. సముద్రపు గాలి గట్టిగా వీస్తోంది. తోపు ఇవతలికి తాతయ్య గొంతు 'పట... పట' అని మాత్రమే వినబడింది. ఏ వైపు తిరగమంటున్నాడో నాకే తెలియలేదు. అక్కడే ఆగిపోయి విన్నాను. రెండు మాటలూ ఒక్కలాగే ముగుస్తున్నాయి.

పెద్దవాళ్ళకు తప్పు చూపడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. భయపడుతూనే చెప్పాను. "తాతా, దూరం నించి నాకు రెండూ ఒకే మాట మాదిరి వినపడతా ఉండాయి. దానికీ అట్టనే ఉంటదేమో."

కసురుతాడనుకున్నాను. ఆయన రెండు మాటల్నీ నెమ్మదిగా తనలో తాను పలికి చూసుకున్నాడు. తర్వాత ఇసుకలో కూర్చుని, నన్నూ పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "అయితే ఏమని పిలుద్దాం? నువ్వే చెప్పు పాపా" అన్నాడు. పిల్లను ముద్దుచేస్తున్నట్టు కాదు, తోటి పనివాణ్ణి సలహా అడిగినట్టు అడిగాడు.

ఎడమకు 'దాప్' చాలన్నాను, ఎండుకొమ్మ విరిచినట్టు పొట్టిగా. కుడికి, ఒడ్డున వలలు లాగేవాళ్ళు పాడే 'ఏలేలో'ను సాగదీద్దామన్నాను. తాతయ్య తలూపాడు. "నువ్వూ పిలువు, నేనూ పిలుస్తా. ఎవురు పిలిచినా దానికి తెలియాల." ఐదో రోజున పగ్గం వదులుగా ఉండగానే, నేను 'దాప్' అన్న వెంటనే, గుర్రం మెడ ఎడమకు తిప్పింది. నేను గుప్పెడు బదులు దోసెడు ఉలవలు పెట్టాను.

గడువు సంతరోజుతో ముగిసింది. తాతయ్య నాన్నను జట్కా ఎక్కమన్నాడు. నన్ను ముందు, తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. బజారు మొదట్లో గుర్రాన్ని నడకకు తగ్గించి, పగ్గాలు రెండూ బండి కమ్మీకి చుట్టేశాడు.

"నాయనా, పగ్గం పట్టుకో" అన్నాడు నాన్న.

"నువ్వు కూర్చోరా" అని, తాతయ్య నా వైపు తిరిగాడు. "పిలువు పాపా."

చేపల అంగళ్ళ దగ్గర కుడికి తిరగాలి. భయంభయంగా 'ఏలేలో' అన్నాను. పిలిచిన పిలుపు నాకే వినబడలేదు. గుర్రం తిన్నగా నాలుగు అడుగులు వేసింది. ఎదురుగా వడ్లబస్తాల బండి. తాతయ్య చెయ్యి పగ్గం మీదికి పోలేదు, ఆయన పిలవనూ లేదు. గుండెనిండా గాలి పీల్చుకుని "ఏలేలో..." అన్నాను. గుర్రం చెవులు నా వైపు తిరిగాయి, తర్వాత మెడ తిరిగింది, ఆ వెనకే బండి మొత్తం సందులోకి మళ్ళింది. సందు చివర "దాప్" అన్నాను. ఎడమకు తిరిగి నేరుగా జట్కాల స్టాండు ముందుకు వచ్చాం.

బీడీలు కాలుస్తున్న జట్కావాళ్ళు లేచి నిలబడ్డారు. "ఏందన్నా, చెయ్యి ఎత్తకుండానే తోలుకొస్తివి. ఏం మంత్రమేసినావు?" అన్నాడు వాళ్ళలో ఒకాయన. తాతయ్య గుర్రాన్ని ఆపి, అందరికీ వినబడేలా చెప్పాడు. "నా మాటలు గుర్రానికి ఎక్కలేదబ్బా. ఇవి మా పాప పెట్టిన మాటలు. నాకు తోచలేదు, మా పాపకు తోచినాయి."

నాన్న బండి దిగి, ఉలవలు తీసి తన చేత్తో గుర్రానికి పెట్టాడు. "అమ్మేది లేదులే నాయనా" అన్నాడు. ఆ తర్వాత ఆరేళ్ళు తాతయ్య ఆ జట్కా తోలాడు. 'ఏలేలో' వినబడగానే బజారులో మనుషులు వాళ్ళంతట వాళ్ళే పక్కకు జరిగేవాళ్ళు.

పెద్దయ్యాక నేను బడిపంతులమ్మనయ్యాను. లెక్క రాని పిల్లను మొద్దు అనడానికి నాకెప్పుడూ నోరు రాలేదు. మూడుసార్లు చెప్పినా ఎక్కకపోతే ముందు నా మాట మార్చి చూసేదాన్ని. అప్పటికీ కాకపోతే పక్కన కూర్చుని, నువ్వైతే ఎట్లా చెబుతావని అడిగేదాన్ని. చాలాసార్లు నాకు తోచని దారి ఆ పిల్లే చూపించేది. మరునాడు అదే దారిలో పాఠం చెబుతూ, అది ఎవరికి తోచిందో తరగతి అందరికీ వినబడేలా పేరు పెట్టి చెప్పడం మాత్రం ఏనాడూ మానలేదు.