ఒకే కండువా, రెండు వ్యాన్లు

ఏలూరులో మా డివిజను కార్పొరేటరు మా కోడలు. ఆ సీటు ఆడవాళ్లకు కేటాయించారని మా అబ్బాయి ఆమెను నిలబెట్టాడు. గెలిచింది ఆమె, పెత్తనం వాడిది. గుమ్మంలోకి వచ్చినవాళ్లు "కార్పొరేటరు గారూ" అని పిలిస్తే వాడే పలికేవాడు, ఆమె కాఫీ పెట్టేది. నాకు అందులో తప్పు కనిపించలేదు. పెదపాడు పక్క పల్లెలో మూడో తరగతితో చదువు ఆపేసినదాన్ని. ఇంటి మాట ఒకటే ఉండాలి, అది మగవాడు చెప్పాలి అని వింటూ పెరిగాను.

ఈమధ్య మా పార్టీకి నగర అధ్యక్షుణ్ణి మార్చాలన్నారు. ఒకాయన రైసుమిల్లు యజమాని, ఇంకొకాయన ప్లీడరు. ఇద్దరూ మావాళ్లే. నాకు ఓట్లంటే ఈ పార్టీకీ ఆ పార్టీకీ మధ్య జరిగేవని తెలుసు కానీ, ఒకే జెండా పట్టుకున్నవాళ్లు ఒకరి మీద ఒకరు పోటీ పడితే ఎవరి ఓటమికి సంతోషించాలో తెలియలేదు. పైనుంచి ఒక పరిశీలకుడు వస్తాడనీ, కార్పొరేటర్లనీ కార్యకర్తలనీ ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి ఎవరు కావాలో అడిగి రాసుకుంటాడనీ చెప్పారు. నాకు కూడా సభ్యత్వ కార్డు ఉంది. ప్రమాద బీమా వస్తుందంటే తీసుకున్నాను, వచ్చేదాన్ని వదులుకోవడం దేనికని. ఆ కార్డు ఉన్న పాపానికి నన్ను కూడా అడుగుతారట.

మా కోడలు ప్లీడరుగారికి మాట ఇచ్చేసింది. వానల్లో మా వీధి మురుగుకాలువ ఎదురుతన్ని ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు ఆయన ప్యాంటు మడిచి ఆ నీళ్లలో నిలబడ్డాడు. మా అబ్బాయి పక్కనే ఉన్నా వాణ్ణి అడగలేదు. "కార్పొరేటరు గారూ, మీరేమంటారు?" అని ఆమెనే అడిగాడు. కాలువ ఎక్కడ పూడిపోయిందో ఆమె చూపించింది. అధ్యక్ష పదవి సంగతి రాగానే, "మీ పేరే చెప్తానండి" అంది.

మా అబ్బాయికి అది మింగుడు పడలేదు.

"మన ధాన్యం ఎవరి మిల్లుకి తోలుతున్నామో గుర్తుందా?" అన్నాడు.

"గుర్తుందండి. తూకం వేసుకునే కదండీ డబ్బులిస్తున్నారు, ఊరికే ఇవ్వట్లేదు కదా."

"నీకు రాజకీయం తెలియదు."

"తెలియదనే కదండీ మాట మీద ఉంటానంటున్నాను."

నేను మధ్యలో దూరలేదు. వాడి మాట వింటే వాడిది నిజమనిపించింది, ఆమె మాట వింటే ఆమెది నిజమనిపించింది. అలాంటప్పుడు వంటింట్లో పని చూసుకోవడం మంచిది.

పరిశీలకుడు ఏలూరులో కూర్చుంటే గొడవలవుతాయని తాడేపల్లిగూడెంలో ఒక కల్యాణమండపం మాట్లాడారు. అవతలివాళ్లు తమ మనుషుల్ని లాక్కుపోతారని ఎవరికి వారు ముందురోజే క్యాంపులు పెట్టారు. క్యాంపంటే అందరినీ ఒకచోట చేర్చి, తిండి పెట్టి, మర్నాడు నేరుగా గదిలోకి పంపడం. ప్లీడరుగారి క్యాంపు గుండుగొలనులో, మిల్లాయనది కొల్లేటి చెరువుల దగ్గర. కోడలిని ఒంటరిగా పంపడం ఇష్టం లేక నేనూ బయల్దేరాను. ఒక డబ్బాలో జంతికలు, సీసాలో మంచినీళ్లు పెట్టుకున్నాను.

మా వీధి మలుపులో రెండు వ్యాన్లు ఆగి ఉన్నాయి. రెండింటికీ ఒకటే జెండా, అద్దాల మీద ఒకటే పెద్దాయన ఫొటో, లోపల కూర్చున్నవాళ్ల మెడల్లో ఒకటే కండువా. మా అబ్బాయి మా సంచులు ముందు వ్యానులో పెట్టి, "ఎక్కండెక్కండి, ఆలస్యమైపోతోంది. నేను రేపు గూడెం వచ్చేస్తాను" అన్నాడు. ఎక్కాం.

హైవే ఎక్కాల్సిన వ్యాను దక్షిణానికి తిరిగింది. రోడ్డుకి అటూ ఇటూ చేపల చెరువులు కనిపించేసరికి నాకు అనుమానం వచ్చింది.

"ఏవండీ డ్రైవరుగారూ, గుండుగొలను ఇటు కాదు కదండీ?"

"గుండుగొలనేంటండి మామ్మగారూ. మనం కొల్లేటికి కదా."

ముందు సీట్లో ఉన్న ఇంకో కార్పొరేటరు, మా కోడలి వయసు మనిషి, వెనక్కి తిరిగి నవ్వింది. "ఏం వదినా, నువ్వు కూడా మావైపే వచ్చేశావా? మంచి పని చేశావు. అక్కడ ప్లీడరుగారి దగ్గర మూడు పూటలా ఉప్మాయేనంట."

"బండి ఆపండి, మేం దిగిపోతామండి" అంది మా కోడలు.

"ఇక్కడ దిగితే కొంగలే తోడండి" అన్నాడు డ్రైవరు.

ఆమె మా అబ్బాయికి ఫోను చేసి వ్యాను మారిపోయిందని చెప్పింది. "అయ్యో, అలాగా? సరేలే, ఎక్కడుంటే ఏముంది, రేపు గూడెం తీసుకొస్తారుగా" అన్నాడు వాడు. పక్కనుంచి నాకు వినపడింది. నిజంగా పొరపాటు చేసినవాడు అంత తొందరగా సర్దుకుంటాడా అనుకున్నాను. చిన్నప్పుడు అబద్ధమాడితే వాడి చెవులు ఎర్రబడేవి. ఫోనులో చెవులు కనపడవు. పొరపాటున ఎక్కించాడో, కావాలనే ఎక్కించాడో నాకు ఇప్పటికీ తెలియదు.

చెరువు గట్టు మీద కొత్తగా కట్టిన గెస్ట్‌హౌసు అది. చేపలకి గాలి అందాలని నీళ్లలో తిప్పే మిషన్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. మిల్లాయన ఎదురొచ్చి దణ్ణం పెట్టాడు.

"మేం పొరపాటున వచ్చామండి" అని మా కోడలు మొహమాటం లేకుండా చెప్పేసింది.

"పొరపాటున వచ్చినా చుట్టాలు చుట్టాలేనండి. ముందు భోజనం చెయ్యండి. రేపు మీ ఇష్టం వచ్చిన పేరు చెప్పుకోండి, నేనేమన్నా పట్టుకున్నానా?"

మంచివాడిలా ఉన్నాడు. అది నాకు మరీ ఇబ్బందైపోయింది. చెడ్డవాడైతే సులువుగా ఉండేది. కొరమీను పులుసు వడ్డించారు. మా కోడలు ముట్టలేదు, పెరుగన్నం కలుపుకుంది. విస్తట్లో పడ్డదాన్ని పారేయడం నాకు చేతకాదు, తిన్నాను. తిన్నాక బెంగ పట్టుకుంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు కదా, మరి రేపు ఎవరి పేరు చెప్పాలి?

కోడలితో అదే అన్నాను.

"అత్తయ్యగారూ, పులుసు బాగుంటే బాగుందని చెప్పండి. దానికి అధ్యక్ష పదవి ఇవ్వక్కర్లేదండి" అంది. దుప్పటి మడత విప్పుతూ, "నేను మాటిచ్చినాయన కళ్ల ముందు రేపు ఈ వ్యాను దిగాలండి. ఆయన ఏమనుకుంటారు?" అంది. పక్కన ఖాళీ గదిలో ఫ్యాను తిరుగుతుంటే వెళ్లి కట్టేసి వచ్చాను.

మర్నాడు గుండుగొలను మీదుగానే గూడెం వెళ్లాం. కల్యాణమండపం మెట్ల మీద ప్లీడరుగారు తన మనుషులతో నిలబడి ఉన్నాడు. మేం ఆ వ్యాను దిగడం చూశాడు. మా కోడలు నేరుగా ఆయన దగ్గరికే నడిచింది.

"ఎక్కాల్సిన వ్యాను కాదండి అది. మీకు చెప్పిన మాట మీదే ఉన్నానండి."

"అలాగేనమ్మా, అలాగే" అన్నాడు ఆయన. నమ్మినట్టు లేదు. కార్పొరేటరు గారూ అనే మనిషి ఆ పూట అమ్మా అన్నాడు. ఆమె మొహం చూడలేకపోయాను.

ఆమె వంతు రాగానే మా అబ్బాయి కూడా లేచి గదిలోకి వెళ్లబోయాడు. గుమ్మం దగ్గర ఆపారు.

"నేను ఆవిడ భర్తనండి. ఆవిడకి ఇవన్నీ తెలియవు" అన్నాడు వాడు.

పరిశీలకుడు లోపలినుంచే అడిగాడు. "కార్పొరేటరు మీరా, ఆవిడా?"

"ఆవిడేనండి, కానీ..."

"అయితే ఆవిడ వస్తారు. మీరు ఆ కుర్చీలో కూర్చోండి."

మా కోడలు తలుపు తనే వేసుకుంది. బయటికి వచ్చినప్పుడు ఎవరివైపూ చూడకుండా నా సీసాలో నీళ్లు తాగింది.

తర్వాత నన్ను పిలిచారు. లోపలికి అడుగు పెట్టేదాకా మా అబ్బాయి చెప్పిన పేరే చెప్పాలనుకున్నాను. ఇంటి మాట అది. కానీ ఈ ఇంట్లో ఇప్పుడు రెండు మాటలున్నాయి. అందులో ఒకటి గుమ్మం బయట కుర్చీలో కూర్చుంది.

"చెప్పండి మామ్మగారూ. ఎవరైతే బాగుంటుంది?"

"ఇప్పుడు మా కోడలు వచ్చి వెళ్లిందండి. ఆమె ఏ పేరు చెప్పిందో నాకూ ఆ పేరే రాసుకోండి."

"అది రహస్యమండి. మీకు చెప్పకూడదు."

"నాకు చెప్పమనలేదండి. రాసుకోమన్నాను."

ఆయన కలం పట్టుకుని నావంక చూశాడు. "ఎవరో తెలియకుండానేనా?"

"మా కాలంలో పెళ్లిళ్లే అలా చేసుకున్నామండి" అన్నాను. ఆయన ఏదో రాసుకున్నాడు.

తిరిగి వస్తుంటే కారులో మా అబ్బాయి అడిగాడు. "నువ్వెవరి పేరు చెప్పావమ్మా?"

"నాకు తెలియదు."

"తెలియకపోవడమేంటి? చెప్పింది నువ్వే కదా."

"నేనే చెప్పాను. ఎవరి పేరో నాకు తెలియదు."

వయసు మీద పడుతోందనుకున్నాడేమో, ఇక అడగలేదు. కోడలిని అసలే అడగలేదు.

తర్వాత కొన్నాళ్లకు పేపర్లో వేశారు, మిల్లాయన్ని ఏకగ్రీవంగా ఎన్నుకున్నారని. మా అబ్బాయి ఇడ్లీ తింటూ పైకి చదివాడు. కోడలు చట్నీ గిన్నె బల్ల మీద పెట్టి, "ఏకగ్రీవం కాదండి అది" అంది. వాడు చెయ్యి ఆపాడు. నా ఓటు ఎవరికి పడిందో నాకప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రం మిల్లాయన స్వీటు డబ్బా పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "అందరూ ఒక్క మాట మీద నిలబడ్డారండి" అన్నాడు.

"నేను మీ పేరు చెప్పలేదండి" అంది మా కోడలు. మా అబ్బాయి గోడ గడియారం వంక చూశాడు.

"తెలుసండి" అన్నాడు మిల్లాయన.

"గదిలో చెప్పింది మీకెలా తెలిసిందండీ?" అని నేను అడిగాను. ఆయన కాఫీ తాగాడు.

"పేరు చెప్పకపోయినా పని మీకే చెప్పాలి కదండీ ఇక. మా వీధి కాలువ పూడిక తీయించాలి. వానలొస్తే మళ్లీ ఇళ్లలోకి వస్తుంది" అంది ఆమె.

"రేపు పొద్దున్న వచ్చి చూస్తానండి."

రాడనుకున్నాను. వచ్చాడు. కారు ముందు తలుపు తీసుకుని మిల్లాయన దిగాడు, వెనక తలుపు తీసుకుని ప్లీడరుగారు దిగాడు. ఇద్దరూ ఏదో మాటకి నవ్వుకుంటూనే ఉన్నారు. ప్లీడరుగారిని ఉపాధ్యక్షుడిని చేశారని మా అబ్బాయి నా చెవిలో చెప్పాడు. ఎవరి కోసం ఎవరితో మాటపడ్డామో, నేను ఎవరి పులుసు తిన్నందుకు బెంగపడ్డానో ఒక్కసారిగా అంతా కలిసిపోయింది. కోపం తెచ్చుకుందామంటే ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు.

"నమస్కారమమ్మా" అన్నాడు ప్లీడరుగారు మా కోడలితో, కాలువ వంక చూస్తూ.

ఆమె బదులు నమస్కారం పెట్టింది. మా అబ్బాయి ముందుకు వెళ్లబోయి ఆగాడు. ఆమె చీర కుచ్చిళ్లు కొంచెం పైకి పట్టుకుని గట్టు అంచున నిలబడి, "ఇక్కడండి, ఈ మలుపులో ఆగిపోతోంది. ఇద్దరూ ఇటు రండి, కనపడుతుంది" అంది.