నాయనమ్మ పరుపుకి బోదె కరెంటు

మొన్న సోలారు పలకలు అమ్మడానికి ఒకాయన మా రాజమండ్రి ఫ్లాటుకి వచ్చి, "ఎవరి కరెంటు వాళ్ళు ఇంట్లోనే తయారుచేసుకోవచ్చండి, ఎప్పుడైనా విన్నారా అండి?" అన్నాడు. వినడమేంటి, చూశాను. మా బాబాయి పెరటి వెనక బోదెలో, అంటే చేలకి నీళ్ళు తెచ్చే పిల్లకాలువలో, కరెంటు తీశాడు. అదీ ఒక పరుపు కోసం. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి చెబుదామనుకున్నాను గానీ, పాపం, ఆయన తొందర ఆయనది.

తుంటి విరిగి పల్లెలో బాబాయి ఇంట్లోనే మంచం పట్టిన నాయనమ్మకి వీపున పుండు పడితే డాక్టరుగారు గాలిపరుపు వేయించారు. చిన్న మోటారు ఆ పరుపు అరల్లోకి గాలి మార్చి మార్చి పంపుతూ ఉండాలి. అది ఆగితే ఒత్తిడంతా ఒకేచోట పడి పుండు లోతుకి దిగుతుందని ఆయన గట్టిగా హెచ్చరించారు. ఆ మార్చిలో గాలివానకి స్తంభాలు పడి ఊరికి కరెంటు పోయింది. వారం పైనే పడుతుందన్నారు. ఇన్వర్టరు ఒక్కరోజు లాక్కొచ్చి పడుకుంది. నేను సెలవు పెట్టి వెళ్ళేసరికి బాబాయి మోకాలిలోతు నీళ్ళలో ఉన్నాడు. బోదె నీళ్ళు మెట్టు మీంచి కిందికి దూకే చోట సైకిలు చక్రానికి రేకుముక్కలు బిగించి, బెల్టుతో పాత ట్రాక్టరు డైనమోకి కలిపి, వైరు ఇన్వర్టరు బ్యాటరీకి లాగాడు. మధ్యాహ్నానికి మోటారు గుర్రుమంది. గుర్రపుడెక్క మొక్కలు నీళ్ళలో కొట్టుకొచ్చి చక్రానికి చుట్టుకున్నప్పుడల్లా పిన్ని కర్రతో లాగి గట్టున పడేసేది. "పాలు పొంగకుండా కాశాను గానీ, కరెంటుకి కాలవ కాస్తాననుకోలేదండి" అనేది. నాయనమ్మ మాత్రం "నా వీపు కోసం గోదారినే తిప్పుతున్నాడే మా వాడు" అని మురిసిపోయింది.

మూడోరోజు పొద్దున్న చక్రం ఆగింది. ఈసారి గుర్రపుడెక్క కాదు, నీళ్ళే లేవు. దాళ్వాకి, అంటే రెండో పంటకి, నీళ్ళు వంతులవారీగా ఇస్తారని, మా బోదె వంతు ఆ ఉదయంతో సరని బాబాయికి తట్టనే లేదు. ఎవరి వంతైనా గంట దాటితే గట్టెక్కి ఊరందరితో పేచీ పెట్టుకునేది ఆయనే మరి. తూములు చూసే లస్కరుగారి దగ్గరికి పరుగెత్తాడు. నేనూ వెంట వెళ్ళాను.

"మీరే చెప్పండి. అమ్మగారి పరుపు కోసం శివారు చేలు ఎండబెట్టమంటారా అండి?" అన్నారు లస్కరుగారు, మెల్లగానే.

బాబాయి ఇంటికొచ్చేదాకా తలెత్తలేదు. నాకు ఆయన మీద అంతకుముందు ఎప్పుడూ అంత ప్రేమ కలగలేదు.

మర్నాటికి బ్యాటరీ చేతులెత్తేసింది. పిన్ని ఫోను చేస్తే, రెండు గంటలకోసారి ఒత్తిగిలించి పడుకోబెట్టండి, వేరే దారి లేదన్నారు డాక్టరుగారు. ముగ్గురం వంతులేసుకున్నాం. ఒకరి తరవాత ఒకరం గడియారం చూసుకుంటూ పక్కనే కూర్చుని, వేళవగానే మిగతా ఇద్దరినీ పిలిచేవాళ్ళం. బాబాయి భుజాలు పట్టేవాడు, నేను నడుము పట్టేదాన్ని, పిన్ని తలగడ దోపేది. మధ్యలో నాయనమ్మ తన పెళ్ళికి పడవెక్కి వచ్చిన సంగతి మొదలుపెట్టేది. అది పూర్తయ్యేలోపే మళ్ళీ తిప్పే వేళయ్యేది.

ఇంకో అయిదురోజులకి కరెంటొచ్చింది. డాక్టరుగారు వచ్చి చూసి, పుండు మానుముఖం పట్టిందన్నారు. బాబాయి మోటారు స్విచ్చి వేయబోతుంటే నాయనమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

"అది వేసుకోరా, పర్లేదు. మీరు రావడం మాత్రం మానకండర్రా."

నాయనమ్మ ఇప్పుడు లేదు. ఏళ్ళకి ఏళ్ళు నాకు తెలియకుండానే దొర్లిపోయాయి గానీ, ఆమె పక్కన గడియారం చూస్తూ కూర్చున్న ఆ రెండేసి గంటలు మాత్రం నిమిషం నిమిషం బతికినట్టు గుర్తున్నాయి.