మనవరాలికి మేనమామ లేడు

మొన్న మాఘమాసంలో మా మనవరాలికి చెవులు కుట్టించాలనుకున్నాం. పదకొండో నెల వచ్చింది, మంచిరోజూ దొరికింది. పటమటలో మా ఇంట్లోనే చేసేద్దామని చెవులు కుట్టే ఆచారి గారికి కబురు చేశాను. అప్పుడు మా అక్క ఫోన్ చేసింది.

"అన్నీ బాగానే ఉన్నాయి గానీ, పిల్లను ఎవరి ఒళ్ళో కూర్చోబెడతావే?" అంది.

మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి కుట్టించడం మా ఆనవాయితీ. అప్పటిదాకా ఆ సంగతి నా బుర్రకు తట్టనే లేదు. మా అమ్మాయి మాకు ఒక్కతే. దానికి అన్నదమ్ములు లేరు. ఇక దాని కూతురికి మేనమామ ఎక్కడినుంచి వస్తాడు?

మేం మాత్రం ఏడుగురం. ఐదుగురు మగపిల్లలు, అక్క, నేను. మా అమ్మ ఎవర్నయినా పిలవాలంటే ముందు ఇంకో ముగ్గురి పేర్లు పిలిచి, తనను తానే తిట్టుకుని, అప్పుడు అసలు పేరుకు వచ్చేది. మా అమ్మాయికి చెవులు కుట్టిన రోజున మా పెద్దన్నయ్య ఒళ్ళో కూర్చోబెట్టామని చిన్న తమ్ముడు అలిగి అన్నం తినకుండా వెళ్ళిపోయాడు. అలగడానికి కూడా అప్పుడు మనుషులుండేవాళ్ళు.

అంతమందిలో పెరిగినదాన్ని ఒక్కదానితో ఎందుకు ఆపానంటే ఏం చెప్పను? నాకు గవర్నర్‌పేటలో ఆఫీసు ఉద్యోగం. చంటిదాన్ని పక్కింటి మామ్మగారికి అప్పజెప్పి, క్యారేజీ పట్టుకుని సిటీబస్సు వెంట పరుగెత్తేదాన్ని. దారి పొడుగునా గోడల మీద కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణాలు, వాటి పక్కన నవ్వుతూ చిన్న కుటుంబం బొమ్మలు. ఆపరేషన్ చేయించుకున్నానంటే ఆఫీసులో అందరూ "మంచిపని చేశారండీ" అన్నారు. నాకూ గొప్పగానే ఉండేది. మా అమ్మ ఒక్కతే మొహం చిన్నబుచ్చుకుంది. ఆవిడకేం తెలుసులే అనుకున్నాను. అయినా నేనొక్కదాన్నేనా? మా ఏడుగురిలో ఎవరికీ ఇద్దరికి మించి పిల్లలు లేరు, అక్కకూ ఒక్కతే కూతురు.

సరే, వరసైనా కలుస్తుందేమోనని వెతికాను. అక్కకు కొడుకుంటే వాడు మా అమ్మాయికి అన్నయ్య అయ్యేవాడు, లేడాయె. మా అన్నదమ్ముల కొడుకులు బావ వరస, పనికిరారు. మా ఆయన తరఫున చూద్దామంటే ఆయనకు అన్నదమ్ములే లేరు. అటు తిప్పీ ఇటు తిప్పీ చూసినా మేనమామ తేలలేదు.

ఇప్పుడు అదే రోడ్డు మీద సంతాన సాఫల్య కేంద్రాల బోర్డులు. ఒక్కో బోర్డు మీద బొద్దుగా ఒక పసివాడు. టీవీ పెడితే నాయకులు పిల్లల్ని కనండి, ఇంకా కనండి అంటున్నారు. ఓయబ్బో, ఇప్పుడు గుర్తొచ్చిందా! వింటుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఒళ్ళు మండుతూనే నేనూ చెవులు కుట్టించేదాకా నెలల తరబడి మా అమ్మాయి చెవిలో అదే మాట ఊదాను. ఇంకొకరిని కనవే, ఈ పిల్లకు తోడుంటుంది అని.

ఊరికే అనలేదు. మా ఆయనకు గుండె ఆపరేషన్ అయినప్పుడు అది ఐదో నెల కడుపుతో ఉంది. అల్లుడు ఉద్యోగం పని మీద ఎక్కడో ఉన్నాడు. డాక్టరు దగ్గరికీ అదే, మందుల షాపుకీ అదే, అర్థంకాని కాగితాల మీద సంతకాలకీ అదే. కాళ్ళు వాచిపోయి ఆసుపత్రి కుర్చీలో కూర్చున్న నా బిడ్డను చూశాను. పక్కన కూర్చోవడానికి ఒక తోడబుట్టినవాణ్ణి ఇవ్వలేకపోయానే అనిపించింది. రేపు మనవరాలికీ ఇదే గతి పడుతుందేమోనని నా భయం.

చెవులు కుట్టే రోజు ఇంటినిండా చుట్టాలు. చుట్టాలంటే ఎవరు, ఒకరిద్దరు తప్ప అందరూ మా వయసువాళ్ళే. మోకాళ్ళు పట్టుకుని కూర్చునేవాళ్ళే తప్ప, గిన్నెలు దొర్లించే పిల్లకాయ ఒక్కడు లేడు. ఆచారి గారు బంగారు తీగ సిద్ధం చేసుకుని "మేనమామ గారు వచ్చి కూర్చోండి" అన్నారు.

మా తమ్ముడి కొడుకు లేచాడు. "అత్తయ్యా, నేను కూర్చోనా?"

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. నువ్వు దాని తల్లికి బావవిరా!" అంది అక్క. అందరూ గొల్లుమన్నారు. అక్క అంతటితో ఊరుకుంటేగా! మా అమ్మాయి వైపు తిరిగి "వచ్చే ఏటికల్లా దీనికో తమ్ముణ్ణి కనవే. కనీసం దీని పిల్లలకైనా మేనమామ ఉంటాడు" అంది.

"అదే నేనూ మొత్తుకుంటున్నాను, వింటేగా!" అన్నాను నేను, నలుగురూ ఉన్నారు కదా అని.

మా అమ్మాయి వచ్చి పీట మీద కూర్చుని పిల్లను తన ఒళ్ళోకే తీసుకుంది. "కానివ్వండి ఆచారి గారూ" అంది. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. ఎర్రగా కమిలిన చెవులు చూసి నాకూ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

భోజనాలయ్యాక గదిలో పిల్లకు పాలిస్తుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. తల ఎత్తకుండానే అడిగింది.

"చిన్నప్పుడు నాకు తమ్ముడు కావాలని ఏడిస్తే నువ్వేమన్నావో గుర్తుందా అమ్మా?"

"గుర్తుంది. నా వల్ల కాదన్నాను."

"మళ్ళీ ఎప్పుడైనా అడిగానా?"

అడగలేదు.

"మరి నా వల్ల కాదంటే నువ్వెందుకు ఊరుకోవు?"

దాని కాన్పు రోజున లోపల రక్తం ఆగడం లేదని నర్సు పరుగెత్తుకొచ్చి చెప్పినప్పుడు వరండాలో నిలబడింది నేనే. ఏ దేవుడు గుర్తొస్తే ఆ దేవుడికి మొక్కాను. ఇల్లు చేరాక ఆ మాట మళ్ళీ ఎవరమూ ఎత్తలేదు. అదీ ఎత్తలేదు, మరిచిపోయిందనుకున్నాను.

"నాకు భయమమ్మా" అంది. "ఈసారి నేను పోతే దీనికి మేనమామే కాదు, అమ్మ కూడా ఉండదు."

దాని తల నా భుజానికి ఆనించుకున్నాను. చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. ఆ రోజు నుంచీ నేను మళ్ళీ అడగలేదు, అక్కనూ అడగనివ్వలేదు. కానీ అబద్ధమెందుకు, అడగాలని ఇప్పటికీ నోటిదాకా వస్తుంది.