పడవ సినిమా చివరి పావుగంట

పోయిన మంగళవారం తిరువళ్ళూరులో, మా ఇంటి పక్క వీధి రక్తపరీక్షల కేంద్రంలో, నర్సు దూదిని స్పిరిట్లో ముంచి నా మోచేతి మడతలో రుద్దింది. ఆ వాసన తగిలితే అందరికీ సూది గుర్తొస్తుందేమో. నాకు మాత్రం తిరుత్తణిలో వరదన్న వీడియో కొట్టు గుర్తొస్తుంది. అక్కడ ఎప్పుడూ అదే వాసన. ఒక చిన్న సీసాలో స్పిరిట్, పక్కన పాత మల్లు పంచె చింపిన గుడ్డపేలికలు, విప్పిపెట్టిన వీసీఆర్ డెక్కు ముందు కళ్ళద్దాలు ముక్కు చివరికి జారిన వరదన్న. నర్సు రక్తం తీశాక చెయ్యి మడిచి బల్ల మీద కూర్చుని, ఊరికే ఉండలేక రెండో చేత్తో ఫోన్ తెరిచాను. పాత సినిమాల రీళ్ళను శుభ్రం చేసి డిస్కులుగా అమ్మే ఒక విదేశీ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చి ఉంది. ప్రతి నెలా వస్తుంది, రాబోయే డిస్కుల జాబితాతో. తక్కిన ఆడవాళ్ళు బంగారం ధర చూసినట్టు నేను ఆ జాబితా చూస్తాను. ఈసారి మూడో వరసలో, నది ఒడ్డున ముసలాయన వీపు ఉన్న అదే పాత బొమ్మతో, మా పడవ సినిమా ఉంది. వచ్చే నెల విడుదల, పూర్తి నిడివితో. నర్సు వచ్చి, కళ్ళు తిరుగుతున్నాయా అమ్మా, అని తమిళంలో అడిగేదాకా నేను ఏడుస్తున్నట్టు నాకు తెలియలేదు.

వరదన్న అంటే ఎవరో ఇప్పుడు తిరుత్తణిలో కూడా చాలామందికి తెలియదు. వరదరాజులు నాయుడు. వాళ్ళది పళ్ళిపట్టు దగ్గర చెరకు పండించే కుటుంబం. అన్నదమ్ములు పొలం చూసుకుంటే ఈయన కొండ కింద వీధిలో ఆరడుగుల వెడల్పు గది తీసుకుని వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చేవాడు. ముందు అరల్లో అందరికీ కావలసిన తమిళ, తెలుగు సినిమాలు. వెనక అరలో మాత్రం వేరే సరుకు. ఆయన బావమరిది సరుకు ఓడలో పనిచేసేవాడు. దిగిన ప్రతి రేవులోనూ నాలుగైదు క్యాసెట్లు కొని తెచ్చేవాడు. ఏ దేశానివో, ఏ భాషవో, తీసింది ఎవరో తెలియదు. కింద ఇంగ్లీషు అక్షరాలు కూడా పడేవి కావు. వాటిని వరదన్న ఒక్కొక్కటి రెండుసార్లు చూసి, కథ తెలుగులో ఒక చీటీ మీద రాసి, క్యాసెట్ పెట్టెలో పెట్టేవాడు. చీటీ కింద ఒక గీత గీసి, ఆ గీత కింద తనకు అర్థం కానిదంతా రాసేవాడు. 'ఈ ఆడమనిషి ఆయనకు అక్కో, పెండ్లామో తెలియలేదు.' 'ఇక్కడ ఎందుకు నవ్వినారో తెలియలేదు.' తెలుగు చదవడం రాని కుర్రకారుకు తనే తమిళంలో చదివి వినిపించేవాడు.

నేను అప్పుడు తిరుత్తణి బడిలో తెలుగు పంతులమ్మను. పెళ్ళి కాలేదు, ఇంట్లో అమ్మా నేనూ. శనివారం సాయంత్రం బడి విడిచాక ఆ వెనక అర దగ్గర నిలబడడం నాకు పండగ. మొదటిసారి వెళ్ళినప్పుడు ఒక చీటీ చదివి, గీత కింద అన్ని తెలియనివి ఎందుకు రాశారని అడిగాను. కొంచెం వెటకారంగానే అడిగాను. కొత్తగా ఉద్యోగం వచ్చినదాన్ని, నాకు అన్నీ తెలుసునని పొగరు.

"తెలీనిదాన్ని తెలీదని రాస్తే చూసేవోళ్ళు అక్కడ ఇంకొంచెం కండ్లు పెట్టి చూస్తారు టీచరమ్మా" అన్నాడాయన, డెక్కు లోపలి నుంచి తల ఎత్తకుండా. "నేనేదో ఒకటి కల్పించి రాసేస్తే, వాళ్ళకూ అదే కనపడతాది. పడం చెడిపోయినట్టే గదా."

సినిమాను పడం అనేవాడు, ముగింపును ముడివు అనేవాడు. మాటల్లో సగం తమిళం. ఆ రోజు నవ్వుకుంటూ ఇంటికి వచ్చాను గానీ సోమవారం తరగతిలో పిల్లల చేత వ్యాసం రాయిస్తూ, కింద ఒక గీత గీసి మీకు తెలియనిది కూడా రాయండి అన్నాను. ఉద్యోగం విరమించేదాకా అదే చేశాను. నా పాఠం ఏమైనా బాగుందని ఎవరైనా అంటే, అందులో బాగున్న ముక్క ఆయనదే.

ఆయనకు ఇంకో పద్ధతి ఉండేది. క్యాసెట్ వెన్నున ఒక మూల చిన్న ప్లాస్టిక్ పలుకు ఉంటుంది. దాన్ని విరిచేస్తే ఇక ఆ క్యాసెట్ మీద వేరే ఏదీ రికార్డు కాదు. వరదన్న సినిమా చూసి, చీటీ రాసి, ఆ తరవాతే పలుకు విరిచేవాడు. పలుకు విరిగిందంటే ఆ సినిమా బయటికి వెళ్ళొచ్చని అర్థం. విరగనిది ఎవరు అడిగినా ఇచ్చేవాడు కాదు.

పడవ సినిమా వచ్చినప్పుడు నేను ఆ పద్ధతి చెడగొట్టాను. మా బడి పిల్లలు మద్రాసు టీవీలో కోలాటం ఆడారు, అది ఆదివారం ప్రసారం. రికార్డు చేయడానికి డెక్కూ ఖాళీ క్యాసెట్టూ అద్దెకు తీసుకోవడానికి వెళ్ళాను. బల్ల మీద కొత్తగా వచ్చిన క్యాసెట్ ఒకటి ఉంది. పెట్టె మీద నది, దాని ఒడ్డున ఒక ముసలాయన వీపు. అది కూడా ఇమ్మని పట్టుకూర్చున్నాను.

"చూడకుండా ఎట్లిచ్చేదమ్మా? లోపల ఏముందో నాకే తెలీదు."

"నేను చూసి చెప్తాను గదన్నా. ఈసారి చీటీ నేను రాస్తా."

ఆయన క్యాసెట్ ఎత్తి నా వైపు జరిపాడు. ఎవరికీ ఇవ్వని మర్యాద నాకు ఇస్తున్నాడని అప్పుడే తెలుసు నాకు. "సరి, ఎత్తుకోని పో. పలుకు ఇంకా విరవలా, జాగ్రత్త" అన్నాడు.

ఆదివారం పొద్దున సినిమా పెట్టుకున్నాను. ఏదో దేశంలో ఒక ముసలి పడవవాడు. వరదలో ఆయన పడవ కొట్టుకుపోతుంది. నది వెంబడి నడుస్తూ, ఊరూరా ఆగి, చేతులతో పడవ ఆకారం చూపిస్తూ అడుగుతాడు. అంతే కథ. మాటలు చాలా తక్కువ. చెప్పులు అరిగిపోయి, చివరికి ఒక దిబ్బ ఎక్కి, కింద ఉన్న ఆఖరి ఊరి రేవు వైపు చూస్తాడు. ఆయన ముఖం మారుతుంది. సరిగ్గా అక్కడ తలుపు దబదబ బాదారు. కోలాటం పిల్లలూ వాళ్ళ తల్లులూ, ఇరవైమంది దాకా ఇల్లంతా నిండిపోయారు. సినిమా ఆపాను. టీవీ పెట్టాను. పాట మొదలైంది, పిల్లలు కేకలు, ఆ సందడిలో క్యాసెట్ మార్చాలన్నది మరిచిపోయి రికార్డు మీట నొక్కేశాను. అందరూ వెళ్ళాక, బల్ల మీద ఖాళీ క్యాసెట్ విప్పని కాగితంతో అలాగే ఉండడం చూశాను. ముసలాయన దిబ్బ మీద నుంచి చూసింది ఏమిటో నేనూ చూడలేదు, ఇక ఎవరూ చూడరు.

సోమవారం కొట్టుకు వెళ్ళి నిలబడ్డాను. సినిమా మీద కోలాటం ఎక్కిపోయిందని చెప్పాను. ఆయన గుడ్డపేలిక స్పిరిట్లో ముంచుతూ విన్నాడు.

"ఎంతసేపటిది పోయింది?"

"చివరి పావుగంట."

"ముడివు చూసినావా నువ్వు?"

చూడలేదని చెప్పి ఉంటే ఆయన తిట్టేవాడు కూడా కాదు. కానీ ఆయన ముఖంలో ఒక ఆశ కనిపించింది, నాకేమో సిగ్గు. "చూసినానన్నా. రివైండ్ చేసేటప్పుడు పిల్లోళ్ళు వచ్చేసినారు, ఆ సందట్లో మీట తప్పు నొక్కేసినాను" అన్నాను.

ఆయన పేలిక పక్కన పెట్టాడు. "అయితే ఏం పోలేదు పో. నువ్వు చూసినావు గదా. చీటీ రాసియ్యి."

అక్కడే, ఆ బల్ల మీదే రాశాను. ముసలాయన ఆఖరి ఊరి రేవులో తన పడవను గుర్తుపడతాడు. దానికి నీలం రంగు వేసి ఉంది. ఒక ఆడమనిషి అందులో బడిపిల్లలను అవతలి గట్టుకు చేరుస్తోంది. ముసలాయన ఏమీ అడగడు. తన పడవలోనే బాటసారిలాగా ఎక్కి, నది దాటి, దిగి వెళ్ళిపోతాడు. నిజం చెప్పొద్దూ, రాశాక ఆ ముగింపు నాకే ముద్దొచ్చింది. గీత కింద ఏమీ రాయలేదు. వరదన్న రెండుసార్లు చదివి, చీటీని చాలాసేపు చేతిలోనే పట్టుకున్నాడు.

ఆ క్యాసెట్ ఆయన పారేయలేదు. కోలాటంతో సహా అద్దెకిచ్చాడు. జనం సినిమా చూసి, కోలాటం చూసి, ఆపైన చీటీ చదువుకునేవాళ్ళు. పళ్ళిపట్టు నుంచి బస్సులో వచ్చే ఒక చెరకు రైతు క్యాసెట్ తిరిగి ఇస్తూ, "అది సరే నాయుడా, పడవ పోగొట్టుకున్న ఆయప్ప ఊర్లో మన పిల్లోళ్ళు ఎందుకు కోలాటం ఆడతా ఉండారు?" అని అడిగితే కొట్టంతా నవ్వింది. నేనూ నవ్వాను. తరవాత ఆ రైతు గొంతు తగ్గించి, "అడక్కుండానే వచ్చేసినాడా ఆయప్ప?" అన్నాడు. వరదన్న తల ఊపి, "అడగలా. దిగేసి పోయినాడు" అన్నాడు, తన కళ్ళతో చూసినట్టు. తను చూడనిది ఏనాడూ చెప్పని మనిషి. నేను ఏదో పని ఉన్నట్టు బయటికి వచ్చేశాను.

అప్పటినుంచి ఆయన పూర్తి ప్రతి కోసం వెతకడం మొదలుపెట్టాడు. నా మీద అనుమానంతో కాదు. నేను చెప్పిన ముగింపును తన కళ్ళతో చూడాలని. బావమరిదికి ప్రతి ప్రయాణానికీ గుర్తుచేసేవాడు. క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి, సీడీలు పోయి ఆ గదిలోనే ఫోన్లకు రీచార్జి చేయడం మొదలుపెట్టాడు, అయినా వెతకడం మానలేదు. నాకు పెళ్ళై తిరువళ్ళూరు వచ్చేశాక, పాత సినిమాల డిస్కులు వేసే కంపెనీలకు ఆయన తరఫున ఇంగ్లీషులో ఉత్తరాలు రాసింది నేనే. ప్రతి నెలా ఫోన్ చేసేవాడు. "లిస్టులో వచ్చిందా టీచరమ్మా?" రాలేదన్నా, అనేదాన్ని. రాలేదన్న ప్రతిసారీ నా మనసు తేలికపడేది. ఇంత చెప్పాక అది దాచడం ఎందుకు.

ఆరేళ్ళ కిందట ఆయనను గుండె నొప్పితో తిరువళ్ళూరు ఆసుపత్రిలో చేర్చారు. మధ్యాహ్నం వెళ్ళాను. కాంతమ్మ వదిన, ఆయన భార్య, గంజి కలుపుతోంది. ఆయన పక్క మంచం రోగికి పడవ సినిమా చెబుతున్నాడు, ఆయాసపడుతూనే. నీలం రంగు దాకా వచ్చాడు. నన్ను చూసి, "ఇదిగో, చూసిన మనిషే వచ్చేసింది" అన్నాడు. ఆ రోగీ, వదినా నా వైపు చూశారు. ఇప్పుడు చెప్పేయాలి అనుకున్నాను. చెప్పకుండా వదిన చేతిలోని గంజి గిన్నె అందుకున్నాను.

"అది యాడైనా వస్తే నాకు చెప్పు" అన్నాడు నేను లేస్తుంటే. "నేను పోయినాంక వచ్చినా నువ్వు విడవొద్దు, చూడు."

తొమ్మిదో రోజు ఆయన పోయాడు. ఆ తరవాతే నాకు ఆ జాబితా కోసం ఎదురుచూడడం అలవాటైంది. ఆయన ఉన్నన్నాళ్ళూ రాకూడదనుకున్నది, పోయాక రావాలని కోరుకున్నాను. ఒక్కసారి ఫోన్ మోగి, "లిస్టులో వచ్చిందా?" అని వినిపిస్తే చాలని ఎన్ని నెలలు అనుకున్నానో.

రక్తపరీక్ష అయిన మరునాడు రైలెక్కి తిరుత్తణి వెళ్ళాను. కాంతమ్మ వదిన వాకిట్లో కూర్చుని మునగాకు దూస్తోంది. డిస్కు వస్తోందని చెప్పాను. తరవాత, కూర్చున్నచోటే, మిగతాదీ చెప్పేశాను. ముగింపు నేను చూడలేదని, అంతా కల్పించి రాశానని. ఆమె చేతులు ఆగలేదు. ఒక రెబ్బ పూర్తిగా దూసి పక్కన పెట్టింది.

"నాకు చెప్పినావు, సరే" అంది. "చెప్పాల్సింది ఆయనకు."

"అవును వదినా."

"ఎన్నిసార్లు చెప్పినాడో నాకు, ఆ నీలం పడవ. నిజంగా ఏముంటాదో అందులో?"

"తెలీదు వదినా" అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

ఆమె లేచి లోపలికి వెళ్ళి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చింది. చీటీలన్నీ దారం కట్టి ఉన్నాయి. వెతికి, నాది తీసి ఇచ్చింది. నా పడుచుతనపు గుండ్రటి అక్షరాలు. నేను ఖాళీగా వదిలిన చోట వరదన్న ఒక గీత గీసి, తన చేతిరాతతో రాసి ఉంచాడు: 'పైది నేను చూడలేదు. టీచరమ్మ చూసింది. పూర్తి పడం దొరికినాంక చూసి, ఈ కింద రాయవలెను.' దాని కింద కాగితం సగం ఖాళీ.

"డిస్కు వస్తే ఈడికే ఎత్తుకోని రా" అంది వదిన. "ఇద్దరం చూస్తాం. చూసినాంక నువ్వే రాయి."

చీటీ ఇప్పుడు నా చేతిసంచిలో, కళ్ళద్దాల పెట్టెలో ఉంది. డిస్కుకు ఆర్డరు పెట్టేశాను, వచ్చే నెల వస్తుంది. ముసలాయనకు పడవ దొరుకుతుందో, దొరకదో, దిబ్బ మీద నుంచి ఆయన చూసింది అసలు పడవేనో కాదో నాకు తెలియదు. ఏది ఉంటే అది రాస్తాను. ముందుగా మాత్రం, పైది నేనూ చూడలేదని రాస్తాను. ఆయన చదవడు. ఆయన గీసిన గీత కిందే రాస్తాను.