బోర్డు మీద రాసిన గాలి

ఇన్నేళ్లుగా నా గుండె మీద ఒక బరువుంది. చెప్పుకోవడానికి మనిషి దొరక్క కాదు, నోరు రాక మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో అనగలుగుతున్నాను.

తొంభైల చివర్లో నేను పైలట్ శిక్షణలో ఉండేదాన్ని. పాఠాలు మాదాపూర్‌లో ఒక అద్దె మేడ మీద జరిగేవి. కిటికీలోంచి చూస్తే కొత్తగా లేచిన గుండ్రటి అద్దాల భవనం, చుట్టూ ఇంకా బండరాళ్లు. ఊరంతా కంప్యూటర్లు నేర్చుకుంటుంటే ఈ పిల్ల గాలిని లెక్కపెడుతోందని మదీనాగూడలో మా ఇరుగుపొరుగు నవ్వేవాళ్లు. నాకు మాత్రం మహా గర్వంగా ఉండేది. నా రోగమంతా ఆ గర్వమే.

గాలి లెక్క మరీ కష్టమేం కాదు. విమానం ముక్కు ఎటు పెట్టామో తెలుసు. నేల మీద నిజంగా ఎటు జరిగామో చూసుకుంటాం. ఆ తేడాను బట్టి గాలి ఎటునుంచి, ఎంత వేగంగా వీస్తోందో తేలుతుంది. దానికొక గుండ్రటి బిళ్ల ఉంటుంది, పెన్సిల్‌తో చుక్క పెట్టి తిప్పాలి. చుక్క ఒక పక్కకు పెట్టాల్సింది రెండో పక్కకు పెట్టామంటే పడమటి గాలి కాస్తా తూర్పు గాలి అయిపోతుంది. మేం ఎగిరే రన్‌వే దగ్గరి గదిలో ఒక పద్ధతి ఉండేది. ముందు ఎగిరి వచ్చినవాళ్లు తాము కనుక్కున్న గాలిని బోర్డు మీద రాస్తారు, తరవాతివాళ్లు దాన్ని నమ్ముకుని బయలుదేరతారు.

ఆ వానాకాలం, ఒంటరిగా మెదక్ దాకా వెళ్లి రావడం మాకు పరీక్ష. ముందు నేను వెళ్లాను. పైన భయమేసింది. లెక్క వెయ్యలేదు. కింద రోడ్డు కనిపిస్తుంటే దాన్నే పట్టుకుని పోయి, చర్చి శిఖరం చూసి తిరిగొచ్చాను. దిగాక, గుర్తున్న అంకెలతో హడావిడిగా బిళ్ల తిప్పి, తూర్పు గాలి, వేగం ఇరవై నాట్స్ అని బోర్డు మీద రాసేశాను. ఆడపిల్లయినా ఎంత చక్కగా చేసిందో చూడండర్రా అని సార్ బోర్డు వైపైనా చూడకుండా అందరి ముందూ మెచ్చుకున్నారు.

తరవాతి వంతు యాదగిరిది. లింగంపల్లి మనిషి, నాకంటే కాస్త పెద్ద. బోర్డు చూసి నా దగ్గరికొచ్చాడు.

"చెల్లె, కింద పడమటి గాలి కొడుతున్నది. పైన తూర్పుదా?"

అతని భుజం మీదుగా, రన్‌వే పక్కన గాలి ఎటు వీస్తోందో చూపించే గుడ్డ గొట్టం కనిపించింది. గాలి నిండి, తూర్పు వైపుకు చాచుకుని ఉంది. చుక్క తప్పు పక్కన పెట్టానని నాకు అప్పుడే తెలిసిపోయింది. సార్ రెండడుగుల దూరంలో ఎవరితోనో మాట్లాడుతున్నారు.

"నేను చూసే వచ్చాను కదన్నా. పైన అలాగే ఉంది."

"పక్కానా?"

"పక్కా."

"నువ్వు చెప్తే ఇగ ఫికర్ లేదు" అని నవ్వి వెళ్లిపోయాడు.

ఎందుకన్నాను ఆ మాట? ఒక్క మెప్పు కోసం మనిషిని ఆకాశంలోకి తప్పుదారిన పంపుతారా ఎవరైనా? అతను విమానం దాకా నడిచి వెళ్లేంత సేపు ఉంది, ఇంజను వేడెక్కేంత సేపు ఉంది, ఆ తరవాత రేడియో కూడా ఉంది, నేను మాత్రం కుర్చీలో కూర్చుని, కింద మబ్బులు పట్టకపోతే అతనికీ రోడ్డు కనిపిస్తుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మబ్బులు పట్టాయి. గాలి అతన్ని తూర్పుకు నెడుతోంది, నా లెక్క నమ్మి, లేని తూర్పు గాలికి ఎదురొడ్డాలని అతను కూడా ముక్కు తూర్పుకే తిప్పాడు. మెదక్ ఎంతకీ రాలేదు. పెట్రోలు అయిపోవస్తుంటే ఎక్కడో సిద్దిపేట వైపు ఒక బీడులో దించాడు. చక్రం గట్టుకు తగిలి విమానం తలకిందులైంది. భుజం ఎముక విరిగింది.

కబురు రాగానే నేను చేసిన మొదటి పని బోర్డు తుడిచెయ్యడం. సార్ అడిగితే, "పడమటి గాలనే రాశాను సార్" అన్నాను. అయితే వాడే చుక్క ఉల్టా పెట్టుకున్నాడు అన్నారాయన. తలకు కూడా దెబ్బ తగిలి, బయలుదేరే ముందు నన్ను అడిగిన సంగతే గుర్తులేకుండా దవాఖానలో మంచం మీదున్న యాదగిరికి అదే చెప్పారు. అతనికి ఆ చెయ్యి మళ్లీ పూర్తిగా లేవలేదు. విమానాల ముచ్చట అక్కడితో సరి. నేను పాసయ్యాను. చాలా ఏళ్లు ఎగిరాను.

ఈమధ్య మాదాపూర్‌లో ఒక ఆఫీసు గేటు ముందు యాదగిరి కనిపించాడు. కూతురిని మొదటిరోజు ఉద్యోగానికి దింపడానికి వచ్చాడట. నన్ను చూసి సంబరపడిపోయాడు.

"బిడ్డా, నేను చెప్తుంటి గద, ఈమెనే. ఈమె బోర్డు మీద సరిగనే రాసింది. నేనే ఉల్టా చదువుకున్న. లెక్కలు రావు గద నాకు."

ఆ పిల్ల నాకు చేతులు జోడించింది. నేను నవ్వి, బాగా పని చేసుకో అమ్మా అని దీవించాను. సిగ్గుతో చచ్చిపోయాను అనాలి, కానీ చావలేదు. ఇంటికొచ్చి అన్నం తిన్నాను.

ఆ గేటు ముందు, ఆ పిల్ల వింటుండగా అనాల్సిన మాట ఇది. యాదగిరన్నా, నువ్వు సరిగ్గానే చదివావు. నీ లెక్క తప్పు కాదు. గాలి తప్పు రాసింది నేను, తప్పని తెలిసి నిన్ను పంపింది నేను.